యంత్రానికి చదరంగం నేర్పిన ప్రత్యర్థులు

2008లో అమెరికా గ్రాండ్‌మాస్టర్ హికారు నకమురా ఇంటర్నెట్‌లో రిబ్కా అనే ప్రోగ్రామ్‌తో ఒక ఆట ఆడాడు. ఒక్కొక్కరికి మూడే నిమిషాలు. ఆ రోజుల్లో రిబ్కా అంటే అందరికీ హడల్. నకమురా దానితో ఎత్తుకు పై ఎత్తు వేసే ప్రయత్నమే చెయ్యలేదు. బంట్లను ఒకదానికొకటి ఎదురుగా ఇరికించి, బోర్డు మధ్యలో గోడ కట్టినట్టు మూసేశాడు. కావాలనే కొంత బలగం వదులుకున్నాడు. ఆ తర్వాత గోడ వెనక పావుల్ని అటూ ఇటూ జరుపుతూ కూర్చున్నాడు.

రిబ్కా లెక్కలో తన దగ్గర బలగం ఎక్కువ, అంటే తనే గెలుస్తోంది. కానీ చెస్‌లో ఒక నియమం ఉంది. ఇద్దరూ చెరో 50 ఎత్తులు ఆడినా ఏ బంటూ కదలకపోతే, ఏ పావూ చావకపోతే, ఆట డ్రా. గెలిచే ఆటను డ్రా ఎందుకు చేసుకోవాలని, ఆ 50 దగ్గర పడేసరికి రిబ్కా తన గోడని తనే పగలగొట్టుకుంది. ఆట 271 ఎత్తులు సాగింది. గెలిచింది నకమురా.

దీన్ని చాలామంది తమాషాగా చెప్పుకుంటారు. నాకు మాత్రం కంప్యూటర్ చెస్ చరిత్రలోని అసలు సమస్య ఈ ఒక్క ఆటలో కనిపిస్తుంది. లోపాన్ని ఒక మనిషి పట్టుకున్నాడు, సరే. దాన్ని సరిచేయడం ఎలా? బోర్డు మూసుకుపోయిందని మనకి కంటితో చూస్తే తెలిసిపోతుంది. ప్రోగ్రామ్‌కి అదే సంగతి అంకెల్లో చెప్పాలి. ఎంత మూసుకుపోతే ఎన్ని మార్కులు తగ్గించాలి? అలా తగ్గిస్తే, బోర్డు సగమే మూసుకున్న మిగతా వేల ఆటల్లో అది తప్పు ఎత్తులు వేయదని నమ్మకమేమిటి? లోపం చూపించడానికీ మందు వేయడానికీ మధ్య ఉన్న ఈ దూరం దాటడానికి కొన్ని దశాబ్దాలు పట్టింది.

ఇది అర్థం కావాలంటే ప్రోగ్రామ్ ఎలా ఆడుతుందో కొంచెం తెలియాలి. 1950లో క్లాడ్ షానన్ అనే అమెరికన్ గణిత శాస్త్రవేత్త రాసిన వ్యాసంలోని పునాదే ఇవాళ్టికీ చాలావరకు నిలిచి ఉంది. పనిలో రెండు భాగాలున్నాయి. మొదటిది వెతకడం. నేను ఇది వేస్తే అతను అది వేస్తాడు, అప్పుడు నేను ఇంకోటి వేస్తాను అనుకుంటూ వీలైనంత లోతుకి పోవడం. రెండోది విలువ కట్టడం. వెతుకులాట ఆగిన చోట బోర్డు ఎవరికి ఎంత అనుకూలమో ఒక అంకె చెప్పడం. షానన్ మంత్రికి 9, ఏనుగుకి 5, శకటుకీ గుర్రానికీ 3, బంటుకి 1 ఇచ్చాడు. తోడులేని బంటుకి, ఒకే నిలువు వరసలో ఒకదాని వెనక ఒకటి ఇరుక్కున్న బంట్లకి అర మార్కు కోత పెట్టాడు. కదలడానికి ఉన్న ఒక్కో దారికీ 0.1 కలిపాడు.

వెతకడంలో యంత్రంతో మనం పోటీపడలేం. దానికి మనిషి సాయం కావలసింది విలువ కట్టడంలోనే. అయితే వెతుకులాటలోనూ ఒక గొయ్యి ఉంది. ప్రోగ్రామ్ ఎనిమిది ఎత్తుల లోతు చూస్తుందనుకోండి. ఎనిమిదో ఎత్తులో మంత్రి పోతుందని కనిపించింది. అది వెంటనే ఒక బంటుని ఎరగా వేసి, అవసరం లేని చెక్ ఒకటి ఇచ్చి, ఆ నష్టాన్ని పదో ఎత్తుకి నెట్టేస్తుంది. పదో ఎత్తు దానికి కనపడదు కాబట్టి మంత్రి బతికిందనే అనుకుంటుంది. నిజానికి మంత్రీ పోతుంది, బంటూ పోతుంది. దీనికి 'హొరైజన్ ఎఫెక్ట్' అని పేరు పెట్టినవాడు హాన్స్ బెర్లినర్. ఆయన ఉత్తరాల ద్వారా ఆడే చెస్‌లో ప్రపంచ ఛాంపియన్, తర్వాత కంప్యూటర్ శాస్త్రవేత్త. తోటి ఆటగాడి తప్పుని కనిపెట్టే కన్నుతోనే ప్రోగ్రామ్ తప్పుల వెనక ఉన్న కారణాన్నీ చూడగలిగాడు.

మనుషులు ప్రోగ్రామ్‌లకి పెట్టిన పరీక్షలన్నిటిలో నాకు ఇష్టమైనది డేవిడ్ లెవీ పందెం. 1968లో స్కాట్లండ్ ఛాంపియన్‌గా ఉన్న లెవీ, పదేళ్లలోగా ఏ కంప్యూటరూ తనని మ్యాచ్‌లో ఓడించలేదని కృత్రిమ మేధ శాస్త్రవేత్తలు జాన్ మెకార్తీ, డోనల్డ్ మిచీలతో పందెం కాశాడు. తర్వాత ఇంకొందరు చేరడంతో పందెం 1250 పౌండ్లకు పెరిగింది. గడువు ముగిసే వేళ, 1978లో టొరంటోలో, నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీలో పుట్టిన 'చెస్ 4.7' ఆయనకి ఎదురుగా నిలిచింది. లెవీ పద్ధతి చాలా సులువు. ఏమీ చెయ్యకూడదు, కానీ ఆ ఏమీ చెయ్యకపోవడాన్ని జాగ్రత్తగా చెయ్యాలి. ఘర్షణ లేని చోట ప్రోగ్రామ్‌కి ఏం చెయ్యాలో తెలియదు. ఏదో ఒక ఎత్తు వేసి తన స్థితిని తనే పాడుచేసుకుంటుంది. అప్పటిదాకా ఓపిక పట్టాలి.

నాలుగో ఆటలో మాత్రం లెవీ ఆ ఓపిక పక్కనపెట్టి, ప్రోగ్రామ్‌కి నచ్చే పదునైన ఆట ఆడి చూశాడు. ఓడిపోయాడు. మ్యాచ్‌ని 3.5-1.5తో (డ్రాకి చెరో అర పాయింటు) గెలిచాడు కానీ, ఓడిన ఆ ఒక్క ఆటే ప్రోగ్రామర్లకి ఎక్కువ చెప్పిందని నా అభిప్రాయం. మనిషి ఏ దారిలో వస్తే యంత్రం గెలుస్తుందో, ఏ దారిలో వస్తే తడబడుతుందో ఒకే మ్యాచ్‌లో పక్కపక్కనే కనిపించాయి. పదకొండేళ్ల తర్వాత, 1989లో, 'డీప్ థాట్' అనే ఇంకో యంత్రం అదే లెవీని 4-0తో ఓడించింది.

ఇక్కడ ఎవరికైనా ఒక సందేహం వస్తుంది. ఇంత కష్టం ఎందుకు? గొప్ప ఆటగాణ్ని తెచ్చి, ఆయనకి తెలిసిందంతా ప్రోగ్రామ్‌లో రాయిస్తే సరిపోదా? ఆ పనీ జరిగింది. సోవియట్ ఛాంపియన్ మిఖాయిల్ బోత్విన్నిక్ 1948లో ప్రపంచ కిరీటం గెలిచి, మధ్యలో రెండుసార్లు పోగొట్టుకుని తిరిగి సంపాదించి, 1963 దాకా శిఖరం మీదే ఉన్నాడు. పైగా ఎలక్ట్రికల్ ఇంజినీర్. ఆట నుంచి తప్పుకున్నాక 'పయనీర్' అనే ప్రోగ్రామ్ మీద ఏళ్ల తరబడి కష్టపడ్డాడు. అన్ని ఎత్తులూ వెతకడం తెలివితక్కువ పని, మాస్టర్‌లాగా పనికొచ్చే రెండు మూడు దారులే చూడాలన్నది ఆయన పట్టుదల. ఆ ప్రోగ్రామ్ కొన్ని కష్టమైన స్థితుల్ని విడిగా విప్పగలిగింది. మొత్తం ఆటని పోటీలో నిలబడి ఆడే స్థాయికి మాత్రం రాలేదు.

బోత్విన్నిక్‌కి చెస్ తెలియదని ఎవరూ అనలేరు. మరి ఎందుకు కుదరలేదు? మాస్టర్ దేన్ని చూడకుండా వదిలేస్తాడో ఆ మాస్టర్‌కే తెలియదు. ఈత వచ్చినవాణ్ని ఎలా తేలుతున్నావని అడిగితే ఏం చెబుతాడు? చేతులు ఇలా, కాళ్లు అలా అంటాడు. అది విని నీళ్లలో దూకితే మునుగుతాం. గురువు చెప్పే మాటలకీ అతని చేతికి తెలిసిన పనికీ మధ్య చాలా జారిపోతుంది. ప్రత్యర్థి చేసే పని అలా కాదు. అతను సిద్ధాంతం చెప్పడు. ఇదిగో, ఇక్కడ, ఈ ఎత్తు తప్పు అని వేలుపెట్టి చూపిస్తాడు. ప్రోగ్రామర్‌కి కావలసింది అదే.

డీప్ బ్లూ కథలో ఇది బాగా కనిపిస్తుంది. 1996 ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియాలో ప్రపంచ ఛాంపియన్ గ్యారీ కాస్పరోవ్ ఐబీఎం వారి చెస్ కంప్యూటర్ డీప్ బ్లూ చేతిలో మొదటి ఆట ఓడి, తర్వాత సర్దుకుని 4-2తో మ్యాచ్ గెలిచాడు. ఇంజినీర్లకి వేగం సమస్య కాదు. 1997 నాటికి యంత్రం సెకనుకి 20 కోట్ల స్థితులు చూడగలిగేది. వాళ్లకి కావలసింది దాన్ని రోజూ పొడిచి చూసే మనిషి. ఆ పనికి అమెరికన్ గ్రాండ్‌మాస్టర్ జోయెల్ బెంజమిన్ కుదిరాడు. దానితో ఆడటం, అసహ్యంగా ఆడిన చోట ఆపి, ఎందుకు అసహ్యమో ఇంజినీర్లకి వివరించడం ఆయన పని. కాస్పరోవ్‌తో 1997లో జరగాల్సిన రెండో మ్యాచ్ దగ్గర పడ్డాక మిగెల్ ఇయెస్కాస్, నిక్ డి ఫిర్మియన్, జాన్ ఫెడరోవిచ్ కూడా తోడయ్యారు. మొదటి ఎత్తుల కోసం సుమారు 4000 స్థితుల చిన్న పుస్తకాన్ని చేత్తో తయారుచేసింది వీళ్లే, అందులోనూ ముఖ్యంగా బెంజమిన్.

ఒక్క ఉదాహరణ చూద్దాం. ఏనుగుకి తెరిచిన నిలువు వరస కావాలి, అంటే బంట్లు అడ్డులేని దారి. తెరిచిన వరసలో ఏనుగు ఉంటే అదనపు మార్కులు ఇవ్వాలని ప్రతి ప్రోగ్రామ్‌లోనూ రాసి ఉంటుంది. మార్కులు వరస తెరిచాకే వస్తాయి కదా, అందుకని ప్రోగ్రామ్ ఆగలేక బంట్లని వెంటనే మార్చుకుని వరస తెరిచేస్తుంది. మంచి ఆటగాడు అలా చెయ్యడు. తలుపు తెరిచే అధికారం తన చేతిలోనే ఉంచుకుని, ముందు ఏనుగుల్ని ఆ తలుపు వెనక వరసగా నిలబెట్టి, ప్రత్యర్థికి ఊపిరాడనప్పుడు తెరుస్తాడు. ఇంకా మూసి ఉన్న వరసకి, 'తెరుచుకోబోతోంది' అన్న ఒక్క కారణంతో విలువ ఇవ్వాలి. అది మనిషికి మాటల్లో చెప్పడం తేలిక, చిప్‌లో పెట్టడం కష్టం. 1996 మ్యాచ్ తర్వాత డీప్ బ్లూ చిప్‌ని తిరిగి రూపొందించినప్పుడు, విలువ కట్టే అంశాలు దాదాపు 6400 నుంచి 8000 పైకి పెరిగాయి. తెరుచుకోబోయే వరసకి ఇచ్చే విలువ వాటిలో ఉంది. అన్ని వేల అంశాల్లో చాలావాటికి బరువులు మనుషులు చేత్తో సరిచూసి పెట్టినవే.

1997 మే నెలలో న్యూయార్క్‌లో రెండో ఆట. డీప్ బ్లూ తెల్లపావులతో ఎడమ అంచున బంట్ల ఒత్తిడిని అలాగే ఉంచి, తొందరపడకుండా ఏనుగుల్ని ఆ అంచు వరసలో ఒకదాని వెనక ఒకటి చేర్చింది. తర్వాతే వరస తెరిచింది. కాస్పరోవ్ నమ్మలేకపోయాడు. ఇది యంత్రం ఆట కాదు, ఎవరో మనిషి చెప్పి ఆడించాడని అనుమానపడి రికార్డులు అడిగాడు. ఆయన ఓటమి ఒప్పుకుని ఆ ఆట వదిలేసిన స్థితిలో డ్రా చేసుకునే దారి ఉందని తర్వాత తేలింది. దాన్ని ఆయన వెతకనే లేదు. చివరి ఆట 19 ఎత్తుల్లోనే ముగిసింది, మ్యాచ్ 3.5-2.5తో డీప్ బ్లూది. కాస్పరోవ్ అనుమానాన్ని నేను సమర్థించను. కానీ ఆ బోర్డు మీద ఆయనకి కనిపించిన మనిషి నీడ అబద్ధం కాదనుకుంటాను. ఆ నీడ ఆట మధ్యలో వచ్చింది కాదు. నెలల ముందు ప్రయోగశాలలో కూర్చుని ఆడిన మనిషిది.

ఇక్కడే మన ఆనంద్ ఆడిన ఒక పరీక్ష సంగతి చెప్పాలి. 1998లో ఇటలీలోని ఇస్కియాలో విశ్వనాథన్ ఆనంద్ రెబెల్ అనే ప్రోగ్రామ్‌తో ఎనిమిది ఆటలు ఆడి 3-5తో ఓడాడు. పైకి అంతే వార్త. విడదీసి చూస్తే, ఓటమి అంతా అయిదు నిమిషాల, పదిహేను నిమిషాల ఆటల్లోనే. టోర్నమెంట్ సమయం ఇచ్చిన రెండు ఆటల్లో ఆనంద్‌దే 1.5-0.5 పైచేయి. అంటే ప్రోగ్రామ్ బలం ఎంత అన్న ప్రశ్నకి ఒక్క జవాబు లేదు. ఎంత సమయం ఇచ్చారన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. పరీక్ష ఎలా పెట్టాలన్నది కూడా నేర్చుకోవలసిన విద్యే.

ఒక్క మార్పు, వేల ఆటలు

కొలత అనేది ఎంత కష్టమో లెక్క వేస్తేనే తెలుస్తుంది. ఒక గ్రాండ్‌మాస్టర్ సలహా ప్రకారం ప్రోగ్రామ్‌లో చిన్న మార్పు చేశారు. అది మంచిదా చెడ్డదా? పాత వెర్షన్‌తో 100 ఆటలు ఆడించారు, కొత్తది 54-46తో గెలిచింది. సంబరపడొచ్చా? వద్దు. సమాన బలం ఉన్న ఇద్దరి మధ్య కూడా, కేవలం అదృష్టం మీద ఇంత తేడా తరచూ వస్తుంది. ఇవాళ ఇంజిన్ల మీద, అంటే చెస్ ప్రోగ్రామ్‌ల మీద, పనిచేసేవాళ్లు వెతికేది ఆటగాళ్ల బలాన్ని కొలిచే ఎలో రేటింగ్‌లో రెండు పాయింట్ల మెరుగుదల. రెండు పాయింట్లంటే వెయ్యి ఆటల్లో 500కి బదులు 503. దాన్ని అదృష్టం నుంచి వేరుచేసి పట్టుకోవాలంటే పదుల వేల ఆటలు కావాలి. ఏ మనిషీ అన్ని ఆటలు ఆడి చెప్పలేడు. ఎంత గొప్పవాడైనా 'ఈ మార్పు బాగుంది' అన్న మాటకి ఇక్కడ బరువు తక్కువ.

ఈ సమస్యకి జవాబు స్టాక్‌ఫిష్ తయారీదారుల దగ్గర దొరికింది. నార్వేకి చెందిన టోర్డ్ రోమ్‌స్టాడ్ రాసిన గ్లౌరుంగ్ అనే ప్రోగ్రామ్ నుంచి, ఇటలీకి చెందిన మార్కో కొస్టాల్బా 2008లో మొదలుపెట్టిన ఉచిత ఇంజిన్ ఇది. స్టాక్‌ఫిష్ అంటే నార్వేలో ఎండబెట్టి, ఇటలీలో వండుకునే ఎండుచేప. పేరు వెనక ఉన్నది అదే. 2013లో గ్యారీ లిన్‌స్కాట్ 'ఫిష్‌టెస్ట్' అనే పద్ధతి తెచ్చాడు. ఎవరికి ఏ ఆలోచన వచ్చినా కోడ్‌గా రాసి పెట్టొచ్చు. ప్రపంచంలో ఎక్కడెక్కడో ఉన్న స్వచ్ఛంద కార్యకర్తలు తమ కంప్యూటర్లని ఖాళీ వేళల్లో దీనికి అప్పగిస్తారు. పాత వెర్షన్, కొత్త వెర్షన్ పది సెకన్ల ఆటలు వేలకొద్దీ ఆడతాయి. నెగ్గితే నిమిషం ఆటలు. అందులోనూ నెగ్గితేనే మార్పు లోపలికి వస్తుంది. లెక్క తేలిన క్షణంలో పరీక్ష ఆగిపోతుంది, ఒక్క ఆట వృథా కాదు. ఆలోచన ఛాంపియన్‌దా, కాలేజీ కుర్రాడిదా అన్నది ఎవరూ అడగరు.

ఈ పరీక్షలో ఎక్కువ ఆలోచనలు ఓడిపోతాయి. చెస్ పుస్తకాల్లో తరతరాలుగా వస్తున్న సూత్రాలు కూడా, కోడ్‌గా మార్చి చూస్తే, బలం పెంచకపోవచ్చు. ఒక్కోసారి ప్రోగ్రామ్‌లోంచి ఓ సూత్రాన్ని తీసేసి పరీక్షిస్తారు. తీసేసినా బలం తగ్గలేదంటే దాన్ని బయటికి పంపేస్తారు. అది చూస్తే మొదట్లో నాకు బాధగా ఉండేది. తర్వాత అర్థమైంది, ఓడింది సూత్రం కాకపోవచ్చు, దాన్ని అంకెగా మార్చిన తీరు కావచ్చు.

మనిషి జ్ఞానాన్నీ కొలతనీ కలిపి నడిచినవాళ్లలో లారీ కౌఫ్‌మన్ ముఖ్యుడు. 1999లో ఆయన లక్షల ఆటలున్న డేటాబేస్‌ని జల్లెడ పట్టి పావుల విలువలు తిరిగి లెక్కగట్టాడు. రెండు శకట్లూ ఒకరి దగ్గరే ఉంటే అర బంటు అదనం అని తేల్చాడు. రెండు శకట్ల జత గొప్పదని అంతకు ముందు అందరూ అనేవారు, ఎంత గొప్పదో ఈయన అంకెలో కొలిచాడు. తర్వాత రిబ్కాలోనూ, కొమోడో అనే ఇంకో ఇంజిన్‌లోనూ విలువ కట్టే భాగం మీద పనిచేశాడు. మనుషులు సమానంగా ఆడి ఇంజిన్లని పరీక్షించలేని కాలం వచ్చాక, ఇంజిన్ బలగం ముందే తగ్గించి ఆడించే మ్యాచ్‌లు మొదలయ్యాయి. 2007లో రిబ్కా ప్రతి ఆటలో ఒక బంటు తక్కువతో ఆడి కూడా గ్రాండ్‌మాస్టర్ యాన్ ఎల్వెస్ట్‌ని 5.5-2.5తో ఓడించింది. 2016లో కొమోడో నకమురాకి రకరకాల రాయితీలిచ్చి 2.5-1.5తో గెలిచింది.

ఈ రాయితీ ఆటల వల్ల ఒక కొత్త సంగతి బయటపడింది. మామూలు ఇంజిన్ ఎదుటివాడు కూడా తనంత తప్పులేకుండా ఆడతాడనే అనుకుంటుంది. గుర్రం తక్కువతో మొదలుపెడితే, ఎలాగూ ఓడిపోయిన ఆటే కదా అన్నట్టు అన్ని దారులూ దానికి ఒకేలా చెడ్డవిగా కనిపిస్తాయి. పావులు మార్చుకుని ఆటని చప్పగా చేసేస్తుంది. మనిషిని ఓడించాలంటే మనిషి ఎక్కడ తప్పు చేస్తాడో తెలియాలి, చిక్కుల్ని అలాగే ఉంచాలి. అత్యుత్తమ ఎత్తు వేరు, మనిషికి కష్టమైన ఎత్తు వేరు. ఇది ఇవాళ పోటీలకి సిద్ధం చేసేవాళ్లకి రోజువారీ పని. 2024లో సింగపూర్‌లో గుకేశ్ ప్రపంచ ఛాంపియన్ అయినప్పుడు అతని బృందంలో గుంటూరు గ్రాండ్‌మాస్టర్ పెంటల హరికృష్ణ ఉన్నాడు. ఇలాంటి సహాయకుల విలువ ఇక్కడే తెలుస్తుంది. ఇంజిన్ సమానం అని చెప్పిన పది దారుల్లో ఏది బోర్డు ముందు కూర్చున్న ప్రత్యర్థికి టెన్షన్ పెడుతుందో ఇంజిన్ చెప్పదు.

చేత్తో రాసిన సూత్రాలు పోయాక

2017 చివర్లో ఆల్ఫాజీరో అనే ప్రోగ్రామ్ వచ్చింది. మనుషుల ఆటలు చూడకుండా, నియమాలు మాత్రమే తెలుసుకుని, తనతో తనే ఆడుకుని నేర్చుకుంది. స్టాక్‌ఫిష్ 8తో 100 ఆటల్లో 28 గెలిచి 72 డ్రా చేసింది. ఒక్కటీ ఓడలేదు. స్టాక్‌ఫిష్ కూడా 2020 సెప్టెంబరులో వచ్చిన 12వ వెర్షన్ నుంచి న్యూరల్ నెట్‌వర్క్‌తో, అంటే ఉదాహరణల నుంచి తనే నేర్చుకునే లెక్కల అల్లికతో, విలువ కట్టడం మొదలుపెట్టింది. ఆ పద్ధతి జపాన్ చదరంగమైన షోగి కోసం యు నాసు అనే ప్రోగ్రామర్ తయారుచేసింది. 2023లో, చేత్తో రాసిన పాత విలువల భాగాన్ని కోడ్‌లోంచి పూర్తిగా తీసేశారు. షానన్ నాటి నుంచి మనుషులు ఒక్కొక్కటిగా చేర్చుకుంటూ వచ్చిన సూత్రాలు అలా పక్కకి తప్పుకున్నాయి.

అయితే పరీక్షించే మనిషి పని అయిపోలేదు. అదే రకం నేర్చుకునే ప్రోగ్రామ్‌ల సంగతి, బోర్డు మీద రాళ్లు పెడుతూ ఆడే 'గో' ఆటలో 2023లో తెలిసింది. కెల్లిన్ పెల్రిన్ అనే అమెరికన్ అమెచ్యూర్ ఒక బలమైన గో ప్రోగ్రామ్‌ని 15 ఆటల్లో 14 ఓడించాడు. ప్రోగ్రామ్ రాళ్ల గుంపుని మెల్లగా చుట్టుముట్టి, మధ్యలో దాని దృష్టిని ఇంకో మూలకి లాగడమే ఎత్తుగడ. ఆ బలహీనతని ముందు వెతికి పట్టింది ఇంకో ప్రోగ్రామ్, దాన్ని అర్థం చేసుకుని సొంత చేత్తో ఆడినవాడు పెల్రిన్. నాకు వెంటనే నకమురా 271 ఎత్తుల ఆట గుర్తొచ్చింది. తనతో తనే ఎన్ని ఆటలు ఆడుకున్నా, తనలాంటి ప్రత్యర్థి ఎప్పుడూ వేయని ఎత్తు ఎదురైతే ప్రోగ్రామ్‌కి అది కొత్తే.

చెస్‌లో అలాంటి చోట్లు ఎక్కువగా 'కోట' స్థితుల్లో దొరుకుతాయి. బలగం ఎంత తక్కువున్నా ప్రత్యర్థి లోపలికి రాలేని గోడ అది. 2017లో గణిత శాస్త్రవేత్త రోజర్ పెన్రోజ్ ముందుకు తెచ్చిన స్థితిలో నల్లవైపు మంత్రి, ఏనుగులు, మూడు శకట్లు ఉంటాయి. ఆ మూడు శకట్లూ నల్ల గళ్ల మీదే తిరుగుతాయి. తెల్లరాజు తెల్ల గళ్ల మీద అటూ ఇటూ నడుస్తూ ఉంటే చాలు, ఆట డ్రా. చదరంగం తెలిసిన పిల్లలు కాసేపట్లో చూడగలరు. అప్పటి ఇంజిన్లు నల్లవైపు భారీ ఆధిక్యం అని చూపించాయి.

మీ ఫోన్‌లోని ఇంజిన్ ఎప్పుడైనా మూసుకుపోయిన బోర్డు మీద ధీమాగా ప్లస్ మూడు (అంటే మూడు బంట్లంత ఆధిక్యం) అని చూపిస్తూ, నలభై ఎత్తులు పోయినా అక్కడే తిరుగుతూ కనిపిస్తే, దాన్ని వదిలెయ్యకండి. స్థితిని రాసిపెట్టండి. ఏ వెర్షన్, ఎంత లోతు, ఎంతసేపు ఆలోచించింది అన్నవి పక్కనే రాయండి. రాత్రంతా ఆలోచించనిచ్చి తెల్లారి చూడండి. అంకె మారకపోతే ఒక బంటుని ఒక గడి జరిపి అలాంటి స్థితులు ఇంకో పది తయారుచేసి, అన్నీ కలిపి ఇంజిన్ తయారుచేసేవాళ్లకి పంపండి. ఒక్క స్థితిని పంపితే దాన్ని మినహాయింపు అనుకుంటారు. పదకొండు పంపితే ఎవరో ఒకరు ఫిష్‌టెస్ట్‌లో కొత్త పరీక్ష తెరుస్తారు.